ఆంటీ ఎదురొచ్చిన ఉదయాలు

ఆపరేషన్ మాంచెస్టర్‌లో చేస్తారని తెలియగానే నాకు ముందు గుర్తొచ్చింది సర్జన్ గారు కాదు, వరలక్ష్మి ఆంటీ వాళ్ళ ఇల్లు. నా ఎడమ చెవి వెనక, లోపలెక్కడో నరం మీద ఒక చిన్న గడ్డ పెరుగుతోందట. ప్రాణానికి ముప్పు లేదు, అలాగని వదిలేయడానికీ లేదు. నేనుండే రీడింగ్ ఊళ్ళో మా జీపీ డాక్టరు అక్కడికీ ఇక్కడికీ పంపగా పంపగా, ఈ రకం ఆపరేషన్లలో చేయి తిరిగిన సర్జన్ మాంచెస్టర్‌లో ఉందని తేలింది. గడ్డ తీసేస్తే ఆ చెవికి వినికిడి నిలవొచ్చు, పోవచ్చు అంది ఆవిడ. ముఖాన్ని కదిలించే నరం కూడా ఆ పక్కనే ఉంటుంది కాబట్టి మూతి వంకర పోయే అవకాశమూ లేకపోలేదంది. "ఎంత అవకాశం?" అని అడిగాను. అవకాశాలు లెక్కగట్టడమే బతుకుతెరువైన మనిషిని కదా, నోరు ఊరుకోలేదు. ఆవిడ ఓపిగ్గా ఒక అంకె చెప్పింది. విన్నాక ఎందుకడిగానా అనిపించింది. ఆ అంకెను రైల్లో రీడింగ్ దాకా మోసుకొచ్చాను కానీ ఇంట్లో దించడానికి చోటు దొరకలేదు.

నా ఉద్యోగం యంత్రాలకు వినడం నేర్పడం. మనిషి మాట్లాడితే కంప్యూటరు ఆ మాటను పట్టుకుని అక్షరాల్లో పెట్టాలి, అదీ పని. ఇప్పుడు కృత్రిమ మేధ ప్రొఫెసరంటే పెళ్ళిళ్ళలో కూడా కుర్చీ చూపిస్తున్నారు. నేను మొదలుపెట్టిన రోజుల్లో మాత్రం "అయితే కంప్యూటర్లు బాగుచేస్తావా అమ్మా?" అని అడిగేవారు. పగలంతా యంత్రం చెవుల గొడవ, సాయంత్రం నా చెవులకు వయొలిన్. కచేరీలు చేసేంత విద్య లేదు, నా గది వరకు నా మోహన రాగం. వయొలిన్ ఆనించుకునేది ఎడమవైపే. గడ్డ కుడివైపు వచ్చి ఉంటే ఇంత భయపడేదాన్ని కాదేమో అనుకున్నాను. కుడివైపు వచ్చి ఉంటే దానికి తగ్గ కారణం ఇంకోటి వెతుక్కునేదాన్నని కూడా నాకు తెలుసు. భయపడటంలో నాకు చిన్నప్పటి నుంచీ మంచి పేరుంది.

ముందురోజు హాస్పిటల్ దగ్గర హోటల్లో దిగుతానని ఫోన్‌లో చెబితే ఆంటీ మండిపడింది. "హోటలా? మాంచెస్టరొచ్చి హోటల్లో దిగుతావుటే? నేను పోయేననుకున్నావా ఏంటి? నీ గది అలాగే ఉంది. నోరు మూసుకుని రా." ఆంటీది భీమవరం. మాంచెస్టర్ వచ్చి ఒక జీవితకాలం గడిచినా, కోపం వస్తే మాత్రం గోదావరి దాటి ఒక్క అడుగు ఇవతలకు రాదు.

నా గదంటే వంటింటి పైన ఉన్న చిన్న గది. మంచం వేస్తే తలుపు పూర్తిగా తెరుచుకోదు, తలుపు పూర్తిగా తెరవాలంటే మంచం తీసేయాలి. పీహెచ్‌డీ చదవడానికి కాకినాడ నుంచి వచ్చినప్పుడు, ఫ్లాట్ దొరికేదాకా ఉండమని ఆంటీ వాళ్ళాయన మూర్తి అంకుల్ నన్ను అందులో దింపాడు. ఫ్లాట్లు దొరుకుతూనే ఉన్నాయి, నేను వెళ్ళలేదు. చదువు పూర్తయ్యేదాకా ఆ గదిలోనే ఉన్నాను. ఒకదానికొకటి అంటుకుని నిలబడ్డ ఎర్ర ఇటుకల ఇళ్ళ వరస అది. ముందు తలుపు తీస్తే నేరుగా వీధి పేవ్‌మెంట్. వెనక చాప కింద దాచుకునేంత పెరడు, ఆ పెరటి తలుపు అవతల చెత్తబిన్నుల కోసం ఒక ఇరుకు సందు. ఆ సందు వరస చివరిదాకా వెళ్ళి, మలుపు తిరిగి వీధిలో కలుస్తుంది. పక్కింట్లో జోన్, ఆవిడ భర్త. వీళ్ళ తాలింపు ఘాటుకు ఆవిడ తుమ్మితే ఆ తుమ్ము గోడ ఇవతలకు వినిపించేది.

అంకుల్ హాస్పిటల్లో ఆపరేషన్లకు మత్తిచ్చే డాక్టరు. ఆయన డ్యూటీల రోటా ఫ్రిజ్ మీద అంటించి ఉండేది, ఇల్లంతా ఆ కాగితం చెప్పినట్టే నడిచేది. రాత్రి డ్యూటీ వారాల్లో పగలు ఆయన నిద్రపోతుంటే మేమంతా మునివేళ్ళ మీద తిరిగేవాళ్ళం. మెట్లలో ఏది కిర్రుమంటుందో, ఏ తలుపు ఎంత నెమ్మదిగా వేసినా మూలుగుతుందో నాకు కంఠతా వచ్చు. ఆంటీ కుక్కర్ ముందు కాపలా నిలబడి, విజిల్ ఊపిరి తీసుకుంటున్న చప్పుడు వినగానే స్టవ్ కట్టేసేది. మళ్ళీ వెలిగించేది, మళ్ళీ కట్టేసేది. అలా వండిన పప్పు ఒక్కోసారి పళ్ళకు పని చెప్పేది కానీ ఎవరూ పేరు పెట్టేవారు కాదు. యంత్రం ఎలా వినాలో యూనివర్సిటీలో నేర్చుకున్నాను, మనిషి ఎలా వినాలో ఆ ఇంట్లో నేర్చుకున్నాను. ఇడ్లీపిండి పొంగడానికి ఆ ఊళ్ళో వెచ్చటి చోటు వేడినీళ్ళ బాయిలర్ ఉండే అలమారా ఒక్కటే. అంకుల్ మేజోళ్ళు ఆరేదీ అక్కడే. ఆదివారం పొద్దున్న ఆ తలుపు తీస్తే పులిసిన పిండి, తడి ఉన్ని, హాస్పిటల్ సబ్బు కలిసిన ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఎక్కడైనా తడి ఉన్ని వాసన వస్తే నాకు ఆకలేస్తుంది.

ఆంటీ కూడా హాస్పిటల్లోనే పని చేసేది, రక్తపరీక్షల ల్యాబ్‌లో. పగలంతా సూక్ష్మదర్శిని ముందు కూర్చుని, కంటికి కనిపించింది తప్ప ఇంకేదీ రిపోర్టులో రాయని మనిషి. ఇంటికొచ్చి మోచేతుల దాకా చేతులు కడుక్కున్నాక మాత్రం ఆవిడ శకునాల మనిషి. ఇంట్లోంచి ఎవరు ముఖ్యమైన పని మీద బయలుదేరినా మంచి ఎదురు రావాలి. పరీక్షకు వెళ్ళేవాళ్ళకు, ఇంటర్వ్యూకు వెళ్ళేవాళ్ళకు, డ్రైవింగ్ టెస్టుకు వెళ్ళేవాళ్ళకు, వీసా ఆఫీసుకు వెళ్ళేవాళ్ళకు, అందరికీ. మన ఊళ్ళో అయితే గుమ్మంలో కాసేపు నిలబడితే ఏ ముత్తైదువో, పాలబ్బాయో తగులుతారు. మాంచెస్టర్‌లో పొద్దున్నే తలుపు తీస్తే ఎదురొచ్చేది వానే. అందుకని ఆంటీ తానే ఎదురొచ్చేది. బయలుదేరేవాళ్ళను ముందు హాల్లో నిలబెట్టి, తను బొట్టు సరిచేసుకుని, కోటు తొడుక్కుని, పాలసీసా చేత్తో పట్టుకుని పెరటి తలుపు గుండా సందులోకి వెళ్ళేది. అంకుల్ ముందుగది కిటికీలోంచి చూస్తూ, ఆవిడ మలుపు తిరగగానే గట్టిగా దగ్గేవాడు. ఆ దగ్గు వినపడితే తలుపు తీసుకుని గడప దాటాలి. ఎదురుగా పేవ్‌మెంట్ మీద ఆంటీ, మనమెవరో తెలియనట్టు, ఎక్కడికో పని మీద పోతున్నట్టు, పాలసీసాతో నడిచొస్తూ ఉండేది. నవ్వకూడదు, పలకరించకూడదు. పరీక్షలు రాయడానికి వచ్చి ఆ ఇంట్లో మకాం పెట్టిన డాక్టర్లు ఎందరో ఆ పాలసీసాను చూసుకునే బస్సెక్కారు.

నేను వాదించేదాన్ని. "ఆంటీ, మీరు ఎదురొచ్చినా ఫెయిలైనవాళ్ళున్నారు కదా?"

"ఉన్నారు. నేను రాకపోతే ఇంకా ఘోరంగా ఫెయిలయ్యేవాళ్ళు."

"అలా ఎలా చెప్తారు? మీ ల్యాబ్‌లో ఇలాగే రాస్తారా?"

"ల్యాబ్ ల్యాబే, గడప గడపే. నువ్వు అన్నం తిను." అంకుల్ పేపరు వెనక నవ్వు దాచుకునేవాడు.

నా వైవా రోజు సంగతి మా ఇంట్లో కథలా నిలిచిపోయింది. ఏళ్ళ తరబడి చేసిన పనిని ఇద్దరు పెద్దల ముందు కూర్చుని సమర్థించుకోవాలి. బాగా చెప్పలేకపోతే డిగ్రీ లేదు, డిగ్రీ లేకపోతే ఉద్యోగం లేదు, అన్నిటికీ కలిపి కాకినాడ రైలే. పొద్దున్నే నన్ను హాల్లో నిలబెట్టి ఆంటీ పెరట్లోకి వెళ్ళింది. దొంగల భయమని ఊరి కౌన్సిల్ వాళ్ళు ఆ వారమే సందు చివర ఇనుప గేటు పెట్టి తాళం వేశారు. తాళంచెవులు ఇంటింటికీ ఇచ్చారు కానీ ఆంటీది ల్యాబ్ కోటు జేబులో ఉండిపోయింది. ఆ ల్యాబ్ కోటు హాస్పిటల్లో ఉంది. వెనక్కి వచ్చేద్దామంటే పెరటి తలుపు లోపలి గడియ పడిపోయింది. ఇవేవీ మాకు తెలియదు. హాల్లో నేను, కిటికీ దగ్గర అంకుల్. "ఆగమ్మా. ఇంకా మీ ఆంటీ రాలేదు." నేనెక్కాల్సిన బస్సు కళ్ళ ముందే వెళ్ళిపోయింది. "అంకుల్, వెళ్ళిపోతాను." "ఆగమ్మా, నీకు పుణ్యముంటుంది. ఇప్పుడు నువ్వెళ్ళిపోతే తర్వాత ఈ ఇంట్లో ఉండాల్సింది నేను." ఇంకో బస్సు కూడా వెళ్ళిపోయింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. అప్పుడు పక్కింటి ముందు తలుపు తెరుచుకుంది. జోన్ వాళ్ళ పెరటి గోడ ఎక్కి, వాళ్ళ వంటింట్లోంచి, సోఫాలో టీ తాగుతున్న వాళ్ళాయన ముందు నుంచి నడిచి, చీర అంచుకు నాచు పట్టి, చేతిలో పాలసీసా మాత్రం చెక్కుచెదరకుండా ఆంటీ బయటికి వచ్చింది. అంకుల్ దగ్గడం మర్చిపోయాడు. ఆంటీ నన్ను చూడనట్టే చూస్తూ ఠీవిగా ఎదురు నడిచొచ్చింది. వెనక గుమ్మంలో జోన్, "ఈజ్ షీ ఆల్ రైట్, లవ్?" అని అడుగుతోంది.

పరుగెత్తుకుంటూ వెళ్ళాను, ఆలస్యంగానే వెళ్ళాను. తీరా చూస్తే పరీక్షకులలో పెద్దాయన రైలు ఆగిపోయి ఇంకా రానేలేదు. వైవా బాగానే జరిగింది, డిగ్రీ వచ్చింది. సాయంత్రం ఇంటికొచ్చి చెబితే ఆంటీ పాయసం కలుపుతూ, "చూశావా? టైముకి వెళ్ళుంటే ఆ గదిలో ఒక్కదానివీ కూర్చుని వణికి చచ్చేదానివి" అంది. తర్వాత నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక, ప్రతి ఏడూ మొదటి క్లాసులో ఈ కథే చెబుతూ వచ్చాను. నాలుగు ఉదాహరణలు చూసి నలభై ఊళ్ళకు తీర్పు చెప్పే అలవాటు యంత్రాలకూ ఉందని, వాటికి శకునాలు పట్టుకోవడం మనకంటే బాగా వచ్చని, వాటిని మాన్పించడమే మన చదువులో సగమని. పిల్లలు నవ్వేవారు. ఆంటీకి ఆ సంగతి తెలుసు. "బాగా చెప్పేవా? గోడెక్కింది కూడా చెప్పేవా?" అని అడిగేది.

మూర్తి అంకుల్ పోయి కొన్నేళ్ళయింది. ఆపరేషన్‌కు ముందురోజు మధ్యాహ్నం వెళ్ళేసరికి ఇల్లు అలాగే ఉంది. చప్పుడు మాత్రం మారింది. కుక్కర్ ధారాళంగా కూతలు పెడుతోంది, ఆపేవాళ్ళు లేరు. ఫ్రిజ్ మీద రోటా ఉండే చోట ఆంటీ కంటి హాస్పిటల్ అపాయింట్‌మెంట్ ఉంది. వంటగట్టు మీద ఆంటీకి వాళ్ళబ్బాయి కొనిచ్చిన మాట వినే స్పీకరొకటి కూర్చుంది. ఆంటీ దానికి తెలుగులో "పది నిమిషాలాగి చెప్పు" అంటే అది ఏదో పాట మొదలుపెట్టింది. "ఇన్నేళ్ళూ నువ్వు చదువు చెప్పింది దీనికేనా? అంకుల్ నయం, దగ్గమన్నప్పుడు దగ్గేవాడు" అంది. ఇద్దరం నవ్వాం. మా రోజుల్లో వినే యంత్రమంటే గదంత కల, వినే మనుషులు మాత్రం ఇంటినిండా ఉండేవారు. ఇప్పుడు యంత్రం గట్టు మీద కూర్చుంది. దాన్ని తయారు చేసిన వాళ్ళలో నేనూ ఒకదాన్నని గర్వంగానే ఉంటుంది. కానీ ఆ మధ్యాహ్నం నాకు కిర్రుమనే మెట్టు మీద ఎవరైనా నడిస్తే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున్న నేనేమీ తినకూడదు, తాగకూడదు. నాతోపాటు ఆంటీ కూడా కాఫీ ముట్టలేదు. "దేవుడి దగ్గర కుంకుముంది, నువ్వే పెట్టుకో" అంది. అదేమిటి, ఎప్పుడూ ఆవిడే కదా పెట్టేది అనుకున్నాను గానీ నా కంగారులో నేనుండి పట్టించుకోలేదు. టాక్సీ వచ్చి నిలబడింది. హాల్లో సంచీ సర్దుకుంటుంటే ఆంటీ, "ఇంక వెళ్ళు. నేను వంటింట్లో ఉంటాను. జోన్‌కి చెప్పేను, వస్తుంది" అని లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది. ముందు తలుపు తీశాను. చలికోటు కింద రాత్రి గౌనుతో, చేతిలో ప్లాస్టిక్ పాలడబ్బాతో, పాపం జోన్ పేవ్‌మెంట్ మీద నెమ్మదిగా నడిచొస్తోంది. ఆవిడ భర్త ఇంకా ఉన్నాడు. అప్పుడు అర్థమైంది నాకు. అంకుల్ పోయిన దగ్గర్నుంచీ ఆంటీ ఎవరికీ ఎదురు రావడం లేదు.

గడప దాటిన దాన్ని వెనక్కి వచ్చాను. వంటింటి తలుపు తోస్తే ఆంటీ సింక్ వైపు తిరిగి, నాకు వీపు పెట్టి నిలబడి ఉంది.

"గడప దాటేక వెనక్కొస్తారుటే? బుద్ధుందా నీకు?" అంది తిరక్కుండానే.

"లేదు. ఇక మళ్ళీ బయలుదేరాలి కదా. ఈసారి మీరు రండి."

"నేను రాకూడదు. ఆయన పోయిన దాన్ని."

"ఇవన్నీ మీరు నిజంగా నమ్ముతున్నారా ఆంటీ?"

"నమ్మకపోతే ఇన్నేళ్ళూ ఆ సందులో ఎందుకు తిరిగేననుకున్నావ్? అప్పుడు నమ్మింది, ఇప్పుడు నాకు అక్కర్లేదని మానేస్తానా? రేపు నీకేదన్నా అయితే నేనేం చేసుకోను?"

మంచి మాటలు చాలా చెప్పి ఉండొచ్చు. ఆడవాళ్ళ గురించి, మూఢనమ్మకాల గురించి నా దగ్గర ఉపన్యాసాలకు కొదవలేదు. అవేవీ నోటికి రాలేదు. "నాకు భయంగా ఉంది ఆంటీ. మీరొస్తేనే వెళ్తాను" అన్నాను. అంత వయసొచ్చిన ప్రొఫెసరును, అక్షరాలా ఏడ్చాను. నాకు సంస్కరణ అక్కర్లేదు, అలవాటైన ఎదురు కావాలి, అంతే. బయట టాక్సీ హారన్ కొట్టింది. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, మేకుకు వేలాడుతున్న సందు గేటు తాళంచెవి తీసుకుని, చేతికర్ర అందుకుని పెరటి తలుపు తీసింది. కిటికీ దగ్గర దగ్గేవాళ్ళు లేరు కాబట్టి అటూ ఇటూ నేనే తొంగిచూసుకున్నాను. మలుపు దగ్గర ఆవిడ కనపడగానే గడప దాటాను. ఆంటీ గోడ పట్టుకుంటూ, ఒక్కో అడుగూ వేస్తూ ఎదురొచ్చింది. చేతిలో పాలసీసా లేదు. నన్ను చూడనట్టు నటించడం ఈసారి ఆవిడ వల్ల కాలేదు. ఆవిడ ముఖంలో నా ముఖంలో కంటే ఎక్కువ భయముంది.

టాక్సీ మలుపు తిరిగాక తెలిసింది నేనేం చేశానో. నా చెవి పోతే అది సర్జన్ చేతిలో జరిగిన పని కాదిక, ఆంటీ ఎదురొచ్చినందుకు జరిగిన పని. ఈ వయసులో ఆవిడ నెత్తిన ఆ బరువు పెట్టి నేను మత్తులోకి పోతున్నాను. హాస్పిటల్లో మత్తు డాక్టరు నా పేరడిగి, అంకెలు వెనక్కి లెక్కపెట్టమన్నాడు. అప్పటికి నా భయం చెవి గురించి కాదు.

మెలకువ వచ్చాక సర్జన్ గారు కుడివైపు నిలబడి, గడ్డ పూర్తిగా వచ్చేసిందని, ముఖానికి ఏమీ కాలేదని, వినికిడి మాత్రం దక్కలేదని చెప్పింది. ఏడుపు రాలేదు. ఆంటీకి ఎలా చెప్పాలా అన్నదే ఆలోచన. కొన్నాళ్ళు దాచొచ్చు, మెల్లగా చెప్పొచ్చు, రీడింగ్ వెళ్ళాక ఫోన్‌లో చెప్పొచ్చు అనుకుంటూ ఉన్నాను. మర్నాడు విజిటింగ్ టైముకి ఆంటీ కర్ర చప్పుడు చేసుకుంటూ వచ్చి, ఖాళీ కుర్చీ కనపడిన చోట, నా ఎడమవైపు కూర్చుంది. నేను కళ్ళు మూసుకుని ఉన్నాను. కాసేపటికి కళ్ళు తెరిచి చూస్తే ఆవిడ పెదాలు కదులుతున్నాయి. ఎప్పటి నుంచి మాట్లాడుతోందో తెలియదు. కట్టు లాగుతున్నా, కుడి చెవి అటు పెట్టడానికి తల మొత్తం తిప్పాను. జీవితమంతా ల్యాబ్‌లో గడిపిన మనిషికి ఇంకేం చెప్పాలి? ఆంటీ మాట ఆపేసింది.

"నేను రాకుండా ఉండాల్సింది" అంది.

"ఆంటీ, ఇటు చూడండి." ముఖమంతా నొప్పి పెడుతున్నా నోరారా నవ్వాను. "మూతి వంకర పోలేదు. గడ్డ మొత్తం వచ్చేసింది. మీరు రాబట్టే ఇంతతో పోయింది. మీరు రాకపోయుంటే ఏమయ్యేదో!" ఏ మాట అంటే నా క్లాసులో పిల్లలకు మార్కులు తగ్గిస్తానో, అచ్చంగా ఆ మాటే అన్నాను. మనస్ఫూర్తిగా అన్నాను.

ఆంటీ లేచి దగ్గరికొచ్చింది. నా బుగ్గలు రెండూ వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ నొక్కి, మళ్ళీ నవ్వమంది, ఇంకోసారి నవ్వమంది. రెండు పక్కలా సమంగా సాగుతోందో లేదో వంగి పరీక్షగా చూసింది. తర్వాత నా కుడివైపుకు కుర్చీ లాక్కుంటూ అంది:

"ఒక్కదాన్ని చూసి ఏం తేలుద్దే, ప్రొఫెసరమ్మా? కుట్లు విప్పించుకోడానికి మళ్ళీ బయలుదేరతావుగా. అప్పుడు కూడా వస్తాను. చూద్దాం."